ఆకు రాల్చని నీడ

మా గ్వాబాల్ కొండ మీదికి వచ్చి ఎర్మెలిండో ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. లిండో అని అడగాలి. లిండో అంటే మా మాటల్లో అందగాడు. మనిషిని చూశాక మాత్రం, ఆ పేరు పెట్టిన రోజున ఇంట్లో దీపం లేదేమో అనిపిస్తుంది. చిన్నప్పుడు గాడిద తన్నడంతో ముక్కు ఒక పక్కకి తిరిగిపోయింది. నవ్వితే దవడ ఇంకో పక్కకి పోతుంది. అయినా ఆయన నవ్వేది ఎప్పుడు గనక! వంకర ముక్కయినా సరే, కోపం ఎప్పుడూ దాని మీదే కూర్చుని ఉంటుంది.

నాకు ఆయన కంపాయ్. అంటే నా కూతురు యారెలీస్ జ్ఞానస్నానం రోజున దాన్ని చేతుల్లో ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతండ్రి, దానికి పద్రీనో. ఆయనకి నేను కమాయ్‌ని. ఈ చుట్టరికం రక్తసంబంధం కన్నా గట్టిది. పోట్లాడుకోవచ్చు గానీ తెంచుకోకూడదు. ఆ మొదటిది మాత్రం మేమిద్దరం ఏ లోటూ లేకుండా చేసుకుంటూ వచ్చాం.

రోడ్డు మలుపులో ఉన్న కొట్టు నాది. నా పేరు మీదే ప్రొవిదెన్సియా కొట్టు అంటారు. ఉప్పు చేప, బియ్యం, కందులు, మేకులు, కొబ్బరి ఐసు, అన్నీ దొరుకుతాయి. నా కొట్టు వెనకాలే లిండో కాఫీ తోట మొదలై కొండ నడుము దాకా పాకుతుంది. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "చూసుకోవడానికి మొక్కలున్నాయిగా, అవి ఎదురు మాట్లాడవు" అంటాడు. అనేటప్పుడు నా వైపే చూస్తాడు.

పిల్లల్లేని మనిషికి నా కూతురే కూతురు. అది చిన్నప్పటి నుంచీ రోజూ పొద్దున్న ఆయన గేటు ముందు నుంచి పోతూ "దీవెన, పద్రీనో!" అని కేకేసేది. "దేవుడు దీవించాలి నిన్ను, పిల్లా" అని లోపల నుంచి జవాబు వచ్చేది. మా దగ్గర పెద్దవాళ్ళు కనిపిస్తే అడిగేది అదే, పెద్దవాళ్ళు ఇచ్చేది అదే. నోట్లో ముద్ద ఉన్నా ఇవ్వాలి, కడుపులో కోపం ఉన్నా ఇవ్వాలి. అడిగిన బిడ్డకి దీవెన ఇవ్వకుండా మూతి బిగించుకుంటే నువ్వు నాకు చచ్చినదానితో సమానం అన్నట్టే. అలాంటి పని మా కొండ మీద తాగుబోతు కూడా చేయడు.

సరే, అసలు సంగతికి వస్తాను.

కొన్నేళ్ళ కిందట మా దీవి మీదికి వచ్చిన పెద్ద తుఫాను మా ఊరి పేరుని కూడా ఊడబెరుక్కుపోయింది. గ్వాబాల్ అంటే గ్వాబా చెట్ల చోటు. తాతల నాటి గ్వాబాలు, కాఫీ మొక్కల నెత్తిన కొమ్మలు పరుచుకుని నిలబడ్డవి, వేళ్ళతో సహా పడిపోయాయి. అదే గాలికి కరెంటు స్తంభాలు కూడా పుల్లల్లా విరిగాయి. లిండో ఇంటి కప్పు ఎగిరి నా కొట్టు ముందు పడింది. "ఇదిగో, నీ కప్పు తీసుకుపో కంపాయ్" అంటే, ఆయన దాన్ని కళ్ళెత్తి కూడా చూడలేదు. పడిపోయిన చెట్ల మధ్య కూర్చుని, సిగ్గు లేకుండా పెద్దగా ఏడ్చాడు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. ఏం దాచుకోవాలి?

మా మాటల్లో వెలుగుకీ కరెంటుకీ ఒక్కటే పేరు, లూస్. స్తంభాలు మళ్ళీ లేచేసరికి దాదాపు ఏడాది పట్టింది. లేచాక కూడా లూస్ రావడం చుట్టపుచూపే. ఆ రోజుల్లో లిండో నా కొట్టు మెట్టు మీద కూర్చుని అనేవాడు: "చూశావా కమాయ్, ఇంట్లో లూస్ లేదు. తోటలో లూస్ ఎక్కువైపోయింది. దేవుడు పంపకంలో పొరపాటు పడ్డాడు."

నిజమే. నీడలో పెరిగిన మొక్కకి నడినెత్తిన ఎండ తగిలితే ఏమవుతుంది? ఆకులు పసుపెక్కాయి, అంచులు మాడాయి. మిగిలిన మొక్కలూ చచ్చాయి. కొత్త నారు తెచ్చి పెట్టాడు. అదీ మాడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ మాడింది. గ్వాబా విత్తనాలు నాటాడు గానీ, అవి పెరిగి నీడ ఇచ్చేదెప్పుడు, ఈయన చూసేదెప్పుడు? మూడోసారి నారు పెట్టిన రోజున కొట్లో అందరి ముందూ అన్నాడు.

"ఇవి కూడా మాడితే కొండ దిగిపోతాను. బయమోన్‌లో మా తమ్ముడికి టైర్ల కొట్టుంది. చక్రాలకి గాలి కొట్టుకుని బతుకుతాను."

ఎవరూ నవ్వలేదు. లిండో నోటి నుంచి మాట జారితే మళ్ళీ లోపలికి పోదు. ఒకసారి మంగలి మీద కోపం వచ్చి, ఇక నీ గడప తొక్కనన్నాడు. అప్పటి నుంచి తన జుట్టు తనే కత్తిరించుకుంటున్నాడు. ఆ జుట్టు చూసినవాళ్ళెవరూ ఆయన మాటని తేలిగ్గా తీసుకోరు. ఈ మనిషి టైర్ల మధ్య కూర్చుంటే ఆరు నెలలు కూడా బతకడని నాకు తెలుసు.

యారెలీస్ అప్పటికి సోలార్ పని నేర్చుకుని, పట్నంలో ఇళ్ళ మీద ప్యానెళ్ళు బిగిస్తోంది. మా ఊరి సంఘానికి కూడా ప్యానెళ్ళూ బ్యాటరీలూ వచ్చాయి. వచ్చాయి గానీ పెట్టడానికి చోటేది? తుఫాను తర్వాత అతుకులేసుకున్న రేకు కప్పులు ఆ బరువు మోయలేవు. చదును నేల లేదు. ఉన్న కొండవాలంతా చెట్ల తుప్పలు. రోజంతా ఎండ పడే చోటు ఒక్కటే ఉంది, లిండో తోట.

అది వచ్చి ఆయన్ని అడిగింది. నేను ఉప్పు చేప తూస్తూ వింటున్నాను.

"పద్రీనో, మాకు ఎండ కావాలి, చోటు లేదు. మీకు చోటుంది, ఎండ వద్దు. స్తంభాలు ఎత్తుగా పాతి, మీ మొక్కల నెత్తిన ప్యానెళ్ళు పెడతాను. మధ్య మధ్య సందులు వదులుతాను. గ్వాబా ఆకుల్లోంచి పడ్డట్టే చుక్కలు చుక్కలుగా ఎండ పడుతుంది."

"నా మొక్కల నెత్తిన ఇనుము పెడతావా?"

"గొడుగు అనుకోండి."

"గొడుగంట గొడుగు! గ్వాబా ఆకు రాలుస్తుందే పిల్లా. ఆ ఆకు కుళ్ళి నేలకి తిండవుతుంది. నీ గొడుగు ఏం రాలుస్తుంది?"

"కరెంటు రాలుస్తుంది."

"మొక్క కరెంటు తింటుందా?"

కొట్టంతా గొల్లుమంది. యారెలీస్ కూడా నవ్వేసింది గానీ వదల్లేదు. అది నా కడుపున పుట్టిన పిల్ల, వదిలే రకం కాదు. చివరికి ఆయనే విసుక్కున్నాడు.

"సరే, తోటలో కింది చెక్క తీసుకో. ఎలాగూ మాడి చచ్చేదే. పైచెక్క జోలికి మాత్రం వచ్చావో, చూసుకో!"

స్తంభాలు పాతేటప్పుడు ఆయన నడుముకి కాఫీ బుట్ట కట్టుకుని, టోపీ పెట్టుకుని వరసల మధ్య నడిచాడు. టోపీ తగలకూడదు, కొమ్మ వంచితే చెయ్యి ఆడాలి. రెండు చోట్ల తగిలింది, యారెలీస్ ఆ రెండూ మార్చింది. తర్వాత కొట్టు వెనక రేకుల కొట్టంలో బ్యాటరీలు పెట్టింది. ఆ కరెంటుతో లిండో కాఫీ పళ్ళ తొక్కతీసే మిషను తిరుగుతుంది, నా ఐసుపెట్టె నడుస్తుంది, కింది ఇళ్ళకి దీపాలు వెలుగుతాయి.

అక్కడి నుంచి మొదలైంది ఆయన భాగోతం. రోజూ పొద్దున్నే పోయి ప్యానెళ్ళని తిట్టి వచ్చేవాడు. "నల్లమొహందానా, నీకు పూత లేదు, పిట్ట లేదు" అని వాటి ముఖాన్నే అనేవాడు. వాన పడ్డప్పుడు ప్యానెల్ అంచు నుంచి నీళ్ళు ధారగా పడి కింద నేల కోసుకుపోయింది. "చూడు, చూడు నీ కూతురి గొడుగు" అని నా మీద ఎగిరాడు. ఎగిరినవాడు ఊరుకోలేదు, ఆ ధార పడేచోట అరటి పిలకలు వరసగా నాటాడు. అవి ఆ నీళ్ళు తాగి ఏనుగుల్లా పెరిగాయి. ఆ గెలలు తెచ్చి నా కొట్లోనే అమ్మించాడు, తిట్టడం మాత్రం మానలేదు.

ఇంకో పని కూడా చేశాడు. వాగు పక్క పల్లంలో రెండు మూడు గ్వాబాలు తుఫానుకి దొరక్కుండా మిగిలాయి. వారం వారం గోనెసంచీతో అక్కడికి దిగి, రాలిన ఆకు నింపుకుని, వీపున మోసుకొచ్చి ప్యానెళ్ళ కింద మొక్కల మొదట్లో చల్లేవాడు.

"ఇనుప చెట్టుకి ఆకులు నువ్వు రాలుస్తున్నావా, కంపాయ్?" అన్నాను ఒకరోజు.

"ఎవరో ఒకరు రాల్చాలిగా," అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

కింది చెక్క పచ్చబడింది. నేను గుడ్డిదాన్ని కాదు, కొట్టు వెనక కిటికీ లోంచి రోజూ చూస్తున్నాను. పైచెక్క ఆకు ఇంకా పసుపుగానే వేలాడుతుంటే, కింద ఆకు నూనె రాసినట్టు మెరుస్తోంది.

"మొక్కలు బాగున్నాయే," అన్నాను.

"వానలు బాగా పడ్డాయి."

"పైచెక్కలో పడలేదా ఆ వానలు?"

"నోరు మూసుకుని చేప తూచు కమాయ్."

ఆ తర్వాతి వానలకి కింది చెక్క తెల్లగా పూసింది. పూత వాసనకి నా కొట్లో ఉప్పు చేప వాసన కూడా ఓడిపోయింది. పచ్చ పిందెలు కట్టాయి. ఏడాది తిరిగేలోగా అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రబడింది. తుఫాను తర్వాత ఆయన చేతికి వచ్చిన మొదటి పండు. ఆ రోజు ఒక పండు నోట్లో వేసుకుని తీపి చప్పరించి, గింజ ఉమ్మి, అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు. ఒక్క మాట అనలేదు. నవ్వుకి దవడ పక్కకి పోయింది.

ఇక చూడండి, అంతా బాగుందనుకుంటుండగా ఏం చేశాడో.

ముందుగా పండినవి ఏరి, తొక్క తీసి, నానబెట్టి కడిగాడు. ఇప్పుడు ఆరబెట్టాలి. ఆయన గచ్చు తుఫానులో కొండచరియతో పాటు వాగులోకి జారిపోయింది. తడి గింజలు పట్టుకుని ఎండ ఎక్కడుందా అని తలెత్తి చూశాడు. కాఫీ మనిషి కళ్ళతో చూశాడు. ఏం కనిపించింది? ఎత్తున, శుభ్రంగా, ఎండ వైపు వాల్చి పెట్టిన నున్నటి బల్లలు. పైగా ముట్టుకుంటే కాలేంత వేడి. ఇంతకన్నా మంచి గచ్చు రాజుల కాలంలో కూడా ఉండి ఉండదు! నిచ్చెన వేశాడు. గింజలు జారకుండా అంచున వెదురు బద్ద కట్టాడు. అటు చివరి నుంచి ఇటు చివరి దాకా కాఫీ పరిచేశాడు.

ఆ సాయంత్రానికి నా ఐసుపెట్టె మూలిగింది. మర్నాటికి కొబ్బరి ఐసు పాయసమైంది. కింది ఇళ్ళలో దీపాలు మినుకుమన్నాయి. యారెలీస్ వచ్చి కొట్టంలో తీగలన్నీ విప్పింది, మళ్ళీ కట్టింది. బ్యాటరీలు చూసింది. పెట్టెలు తెరిచింది. పిల్ల రెండు రోజులు తిండి తినలేదు. సంఘంలో పెద్దమనుషులు కొట్టు ముందు నిలబడి, దానికి వినపడేలా, "చిన్నపిల్ల చేతికి ఇస్తే ఇంతే మరి" అన్నారు. తప్పు తనదేనని అది నిజంగానే నమ్మింది. కొట్టంలో గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

నేను దానికి ఇంత అన్నం పెట్టుకుని ప్యానెళ్ళ కింద నుంచి పోతుంటే నెత్తి మీద టపటపమని ఏవో పడ్డాయి. వడగళ్ళా, ఎండలో? వంగి ఏరి చూస్తే కాఫీ గింజలు. పైకి చూశాను. వెదురు బద్ద ఒకటి ఊడి వేలాడుతోంది.

"యారెలీస్!" అని అరిచాను. ఆ అరుపు కింద ఊరిదాకా వినపడే ఉంటుంది.

అది నిచ్చెనెక్కి చూసింది, దిగింది, తిన్నగా కొట్లోకి పోయింది. లిండో అక్కడ మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆదివారం, చర్చిలో పూజ నుంచి వచ్చిన జనమంతా ఉన్నారు.

"పద్రీనో, ప్యానెళ్ళ మీద కాఫీ పరిచింది మీరేనా?"

"నేనే. ఏం? అవి ఎండ తాగుతాయన్నావుగా. తాగగా మిగిలిన వేడి ఊరికే పోతుంటే వాడుకున్నాను."

జనం పగలబడి నవ్వారు. సంఘం పెద్దమనుషులు అందరికన్నా గట్టిగా నవ్వారు. అది ఆ నవ్వుని తన మీదకే అనుకుందో ఏమో, రెండు రోజుల ఆకలి, ఏడుపు అంతా ఒక్కసారి నోటికొచ్చింది.

"దాని మీద ఎండ పడితేనే కదా కరెంటు! మొత్తం కప్పేశారు! ఇన్నేళ్ళొచ్చాయి, కాఫీ ఎక్కడ ఆరబెట్టాలో కూడా తెలీదా మీకు?"

నవ్వులు ఆగిపోయాయి. గాడిద అను, ముసలి కోతి అను, లిండో పడతాడు. ఆ మాట మాత్రం పడలేడు. కప్పు కింద పెట్టి లేచాడు. ఎవరి వైపూ చూడకుండా పోయి, నిచ్చెన వేసుకుని, గింజలన్నీ గోనెసంచీల్లోకి ఊడ్చుకున్నాడు. తర్వాత కొట్టంలోకి వెళ్ళాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, చేతికి అందిన పెద్ద ఫ్యూజు పీకి వాగులోకి విసిరేశాడు. బయటికి వచ్చి నాతో అన్నాడు.

"పంట దిగేదాకా ఆ ఇనుము ఉండనీ. దిగాక పీకించు. నేనూ కొండ దిగుతాను. మా తమ్ముడికి కబురు పంపుతాను."

"నీకేమైనా పిచ్చా? మొక్కలు బతికాయి కదయ్యా!"

"మొక్కలు బతికాయి," అన్నాడు. తిరిగి చూడకుండా ఇంటి దారి పట్టాడు.

మర్నాడు పొద్దున్న యారెలీస్ గేటు ముందు ఆగింది. "దీవెన, పద్రీనో" అంది, గొంతు కొంచెం తగ్గించి. లోపల నుంచి ఏమీ రాలేదు. నేను కొట్టు తలుపు తీస్తూ విన్నాను. ఒకసారి వినపడలేదేమో అనుకున్నాను. మంగళవారం కూడా అంతే. బుధవారం వానలో నిలబడి అడిగింది, అంతే. నాకు ఒళ్ళు మండింది. గేటు మీద గుద్ది "మనిషివా, రాయివా?" అని అరిచాను. ఇంటికొచ్చి కూతుర్నీ తిట్టాను, పెద్దాయన్ని నలుగురిలో అంత మాట అంటావా అని. అది ఏడ్చింది. శుక్రవారం గేటు ముందు ఆగకుండా వెళ్ళిపోయింది.

శనివారానికి తోటంతా ఒక్కసారిగా ఎర్రబడింది. ఇరుగుపొరుగు అంతా బుట్టలు కట్టుకుని వచ్చారు. మధ్యాహ్నానికి తొట్లు నిండి, గోనెలు కూడా నిండాయి. అప్పుడు పోయింది లూస్. మా ఒక్క కొండ మీదే కాదు, దీవి మొత్తం మీద. ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు, ఎప్పుడొస్తుందో అంతకన్నా తెలియదు. ఫోన్లు కూడా పలకలేదు. ఫ్యూజు పోయినప్పటి నుంచీ బయటి లైను కరెంటు మీదే నడుస్తున్న తొక్కతీసే మిషను, సగం పండు నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

కోసిన పండుని ఆ రోజే తొక్క తీయాలి. లేకపోతే కుప్పలోనే పులిసిపోతుంది, గింజకి కంపు పడుతుంది, ఇక అది కాఫీ కాదు. మూడు నాట్ల తర్వాత, ఇన్నేళ్ళ తర్వాత వచ్చిన పంట అది. లిండో వాళ్ళ తాత నాటి చేతిమిషను బయటికి లాగి తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన తిప్పుతూ ఉంటే కుప్ప తరగనే తరగలేదు. కోసేవాళ్ళు తలా కాసేపు పట్టారు. అయినా చెంచాతో వాగు తోడినట్టే ఉంది. పైన చూస్తే అన్ని ప్యానెళ్ళూ ఎండలో మిలమిలలాడుతున్నాయి. ఆయన తల మాత్రం పైకెత్తడు.

"ఫ్యూజు ఉంటే మిషను తిరుగుతుంది కంపాయ్. పిల్లని పిలువు."

"నేను పిలవను."

"పండు పులిసిపోతుందయ్యా!"

"పులవనీ."

పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మొండిఘటం! ఇక ఆయనతో మాటలు దండగని, నా డొక్కు బండి తీసుకుని పట్నానికి దిగాను. యారెలీస్ ఒక ఇంటి కప్పు మీద పనిలో ఉంది.

"ఆయన పిలిచాడా?" అంది పై నుంచే.

"లేదు. నేను పిలుస్తున్నాను."

చేతిలో తీగ గబగబా చుట్టేసింది. "తోట కోసం వస్తాను. ఆయన కోసం కాదు," అంటూ దిగింది. కానీ బండిలో కూర్చున్నాక సంచీ తెరిస్తే చూశాను, కొత్త ఫ్యూజు అప్పటికే అందులో ఉంది. కొని ఎన్నాళ్ళయిందో నేనడగలేదు.

మేం వచ్చేసరికి లిండో అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. యారెలీస్ ఆయన పక్క నుంచే నడిచి కొట్టంలోకి వెళ్ళింది. దీవెన అడగలేదు. జనమంతా చూస్తున్నారు. ఆయన తల వంచుకుని తిప్పుతూనే ఉన్నాడు గానీ, అది దాటిపోయేటప్పుడు ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

లోపల టక్కుమని చప్పుడైంది. మిషను ఒక్కసారి దగ్గి, గర్రుమని లేచింది. జనం "లూస్ వచ్చిందోయ్!" అని కేకలు పెట్టారు. తొట్లు ఒకటొకటే ఖాళీ అవుతున్నాయి. ఎర్ర తొక్కలు ఒక పక్కకి, జిగురు జిగురుగా గింజలు ఇంకో పక్కకి. కబురు తెలిసి పక్క కొండవాళ్ళు కూడా తమ గోనెలు బండ్లకెత్తుకుని వచ్చారు. ఎండ ఉన్నంతసేపూ మిషను ఆగలేదు. నేను కందుల అన్నం వండి ప్యానెళ్ళ కింద నీడలోనే అందరికీ వడ్డించాను. లిండో చేతులకి గుడ్డలు చుట్టాను. ఆయన ఆ నీడలో, ఆ ఆకుల మీద కూర్చుని, ముద్ద కలుపుకుని తినకుండా కొట్టం తలుపు వైపే చూస్తున్నాడు.

చివరి గోనె కూడా అయిపోయింది. యారెలీస్ సంచీ భుజాన వేసుకుని, నాకు మాత్రం వస్తానని చెప్పి, రోడ్డు వైపు నడిచింది.

"ఏమే!"

లిండో గొంతు. అది ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"ఏం, అడగవా?"

"ఏం అడగాలి?"

"అడిగేదే అడుగు."

అది తిరిగింది. "దీవెన, పద్రీనో."

ఆయన లేచి, టోపీ తీసి, గుడ్డ చుట్టిన చెయ్యి పైకెత్తి ఒక్కొక్క వేలే మడవడం మొదలుపెట్టాడు.

"సోమవారానిది, దేవుడు దీవించాలి నిన్ను. మంగళవారానిది, దేవుడు దీవించాలి నిన్ను. బుధవారం వానలో తడుస్తూ అడిగావు, ఆ రోజుకి రెండుసార్లు. దేవుడు దీవించాలి, దేవుడు దీవించాలి నిన్ను. గురువారం నువ్వు గేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డావు. నేను తలుపు వెనకాలే ఉన్నానే పిల్లా. దేవుడు దీవించాలి నిన్ను."

మిగిలిన చివరి వేలు కూడా మడిచాడు.

"శుక్రవారం నువ్వు అడగలేదు. అడక్కపోయినా ఇచ్చాను. నీకు వినపడలేదు."

యారెలీస్ సంచీ కింద పడేసి పరుగెత్తుకొచ్చి ఆయన మెడ పట్టుకుంది. "తప్పైపోయింది పద్రీనో, ఆ మాట అనకూడదు" అంటోంది. "అనకూడదు, నిజమే," అన్నాడాయన, "అయినా కాఫీ అక్కడ పోయకూడదు, అదీ నిజమే." నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. సంఘం పెద్దమనుషులు టోపీలు చేత్తో తిప్పుకుంటూ నేల చూపులు చూశారు.

కాసేపటికి అది ముక్కు తుడుచుకుని, కొంటెగా అడిగింది: "మరి ఇవాల్టిది ఇవ్వరా?"

"ఇవాల్టిది రేపు ఇస్తాను. పూజ అవగానే రా. పైచెక్కలో స్తంభాలకి గుంటలు ఎక్కడ తవ్వాలో చూపిస్తాను."

"బయమోన్‌లో టైర్లో?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"వాటికి గాలి మా తమ్ముడు కొట్టుకుంటాడులే," అని, లిండో ఖాళీ గోనెసంచీ ఒకటి భుజాన వేసుకుని, ఆకుల కోసం వాగు వైపు దిగాడు.